పిడిలో ఏడు చుక్కల ముగ్గు
కత్తి పిడికి వేసే మొజాయిక్ పిన్నును కొనుక్కోవడం కన్నా ఇంట్లో చేసుకోవడమే మేలని నా గట్టి నమ్మకం. బయటి వ్యాసం 6 మిల్లీమీటర్లు, లోపలిది 5 ఉన్న ఇత్తడి గొట్టం తీసుకోండి. అందులో 1.6 మిల్లీమీటర్ల రాగి కడ్డీలు ఏడు పడతాయి: నడుమ ఒకటి, చుట్టూ ఆరు. ఒకే లావున్న కడ్డీ చుట్టూ ఎప్పుడూ ఆరే ఇముడుతాయి. గొట్టం లోపలి వ్యాసం కడ్డీ లావుకు మూడింతల కన్నా రవ్వంత ఎక్కువ ఉంటే సరి. ఈ లెక్క చేతికి తెలిసివచ్చినప్పటి ఆనందం కొన్న పిన్నులో ఎక్కడిది? లోహాన్ని జిడ్డు లేకుండా అసిటోన్‌తో తుడిచి, కడ్డీలను గొట్టంలో పేర్చి, నల్లరంగు కలిపిన ఎపాక్సీ జిగురును సిరంజితో ఒక కొస నుంచి లోపలికి లాగాలి. పైనుంచి పోస్తే గాలి బుడగలు చిక్కుకుంటాయి. ఐదు నిమిషాల్లో బిగుసుకునే రకం మాత్రం వద్దు, సందుల్లోకి పూర్తిగా దిగనే దిగదు. తొందరే ఈ పనికి శత్రువు. ఒక రోజంతా గట్టిపడనిచ్చి హాక్సాతో కోస్తే, నల్లటి నేల మీద ఏడు రాగి చుక్కలు ముగ్గులా కనిపిస్తాయి. పిడిలో బిగించాక మరీ వేడెక్కేలా అరగదీయకండి, ఎపాక్సీ మెత్తబడుతుంది. చివరి నునుపు ఉప్పుకాగితంతో, చేత్తోనే తేవాలి.