ఇంటి సొంపు: గాజుతొట్టెలో రాళ్ల యమరిక



పంజగుట్టనుండి యొక సోదరి తన యింట ఉప్పునీటి గాజుతొట్టె నమర్చుకొన దలచి, అందు రాళ్లను పేర్చు విధానమును తెలుపవలసినదిగా కోరినారు. పగడపు రాయి లేనిదే సముద్రపు తొట్టెకు శోభ లేదని చెప్పి, అంగడివాడు కిలోల లెక్కన దానిని కొనుమని బలవంతపెట్టుచున్నాడట. అమీరుపేట, పంజగుట్టల మేడలలో నిట్టి వేడుక గల గృహిణులు మరికొందరుందురు గావున ఈ నెల ఆ విషయమునే ముచ్చటింతము. ఏ రాయి వాడవలెను? దానిని నిలుపు తీరెట్టిది? ఈ రెండు ప్రశ్నలు తీరినచో మిగిలిన పని సులభము.

మంచినీటి తొట్టెలో రాయి కంటికింపునకై యుంచబడును. ఉప్పునీటి తొట్టెలో నట్లు గాదు. చేపల విసర్జనమునుండియు, అవి తినక విడిచిన మేతనుండియు అమ్మోనియా యను విషము పుట్టును. కంటికి కనబడని సూక్ష్మజీవులు కొన్ని దానిని నైట్రైటుగను, మరికొన్ని ఆ నైట్రైటును నైట్రేటుగను మార్చును. మొదటి రెండును చేపలకు ప్రాణాంతకములు. మూడవది అంత హాని చేయదు. నీటిని కొంత కొంతగా మార్చుచు దానిని తగ్గించుకొనవచ్చును. ఈ సూక్ష్మజీవులలో నధిక భాగము ఏదేని యొక వస్తువు నంటిపెట్టుకొని బ్రదుకును. సన్నని రంధ్రములు గల రాయి పిడికెడంతయే యైనను, దాని లోపలి గోడలన్నియు వానికి నివాసములే. కావున రాతి నెన్నుకొనుట, పేర్చుట యనునవి అలంకారమునకు మించిన పనులు. తొట్టెలోని ప్రాణులన్నియు దానిపైననే యాధారపడి యున్నవి.

ఈ విద్యలో స్త్రీల పేర్లు మొదటనే వినవచ్చుట మనకు సంతోషకరము. ఫ్రాన్సు దేశస్థురాలగు జాన్ విల్‌ప్రూ పవర్ 1832 ప్రాంతమున సిసిలీ దీవిలో సముద్రజీవులను పరీక్షించుటకై గాజుతొట్టెలను చేయించెను. 1846లో ఆనా థిన్ అను నామె యింగ్లండు తీరమునుండి రాతి పగడములను లండను నగరమునకు తెచ్చి తన యింట పెంచెను. అప్పుడు విద్యుత్తుతో నడచు పంపులు లేవు. ఆమె యింటి పనిపిల్ల ప్రతిదినము కిటికీకడ నిలిచి, నీటి నొక పాత్రనుండి మరియొక పాత్రలోనికి పోయుచు గాలి సోకించెడిది! ఇక రాతి మహిమను లోకమునకు చాటినవారు జకార్తా నివాసి లీ చిన్ ఎంగ్. సముద్రమునుండి తెచ్చిన జీవము గల రాళ్లు, గాలిబుడగలు, సూర్యకాంతి యున్నచో తొట్టె శుభ్రముగా నిలుచునని ఆయన 1961లో నొక వ్యాసమున వివరించెను. రాతిని నమ్ముకొన్న నేటి తొట్టెలకు అదియే మార్గదర్శకము.

అయితే ఆయన పద్ధతిని మనము ఉన్నదున్నట్లు పాటింపరాదు. కారణము వినుడు. మన దేశమున పగడపు దిబ్బలు ముఖ్యముగా మన్నారు సింధుశాఖ, కచ్ సింధుశాఖ, లక్షద్వీపములు, అండమాన్ నికోబార్ దీవులు అను నీ నాలుగు తావులనే కలవు. మన్నారు సింధుశాఖలో 21 చిన్న దీవులుండెడివి. సున్నమునకును కట్టడములకును అచ్చటి పగడపు రాతిని దశాబ్దముల తరబడి త్రవ్వి తీసిరి. అలల నడ్డగించు గోడ పోయిన పిదప ఇసుకదీవి యెంతకాలము నిలుచును? విలాంగుచల్లి, పూవరసన్‌పట్టి అను రెండు దీవులు నీట మునిగిపోయినవి. ఆ ప్రాంతమును 1986లో జాతీయ సముద్ర వనముగా ప్రకటించిరి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో, పులి మొదలగు మృగముల సరసన, దిబ్బలు కట్టు పగడములన్నిటిని 2001లో చేర్చిరి. సముద్రపు గుఱ్ఱములును అప్పుడే చేర్పబడినవి. మొదటి షెడ్యూలు ప్రాణుల విషయమున జరుగు నేరమునకు మూడు సంవత్సరములకు తక్కువ గాని కారాగారశిక్ష విధింపవచ్చును. పగడము చచ్చి తెల్లబడినదని చెప్పి అమ్మినను అది పగడమే. తప్పు అమ్మినవానితో పోదు, కొని యింట నుంచుకొన్నవారికిని చుట్టుకొనును. కావున సోదరి అంగడివానికి నిస్సంకోచముగా వలదని చెప్పవచ్చును.

అట్లయిన ఏ రాయి మేలు? బంజారా కొండలయందలి గ్రానైటు గుండ్లు దాదాపు 250 కోట్ల సంవత్సరములనాటివి, చూచుటకు గంభీరములు. కాని వానియందు రంధ్రములు లేవు, బరువు మిక్కుటము. మన యిండ్లలో పరచుకొను తాండూరు, షాబాదు బండలు సున్నపురాళ్లే యైనను దట్టమైనవి; సూక్ష్మజీవులకు చోటీయవు. మనకు కావలసినది నేలపై దొరకు, రంధ్రములు గల తేలికయైన సున్నపురాయి. లేదా తొట్టెలకై కాల్చి చేసిన పింగాణి రాయి. లేదా సిమెంటుతో పోతపోసిన రాయి. సున్నపురాయి యగునో కాదో తెలియుటకు రెండు బొట్లు వెనిగరు వేసిన చాలును, బుసబుస పొంగును. తుప్పు చారలు గాని లోహపు మెఱుపు గాని యున్న రాతిని విడిచిపెట్టుడు. సిమెంటు రాతిని కొన్ని వారములు నీట నానవేసి, ఆ నీటిని పలుమారులు మార్చవలెను. లేనిచో దాని క్షారము చేపలను చంపును. నానిన నీటిని పరీక్షకాగితముతో చూచి, పి.హెచ్. సముద్రజలమునకు వలె 8.1 మొదలు 8.4 లోపల నిలిచిన పిదపనే వాడవలెను.

ఇచ్చట నొక హెచ్చరిక. ఇతరుల తొట్టెనుండి తెచ్చిన పాత రాళ్లను శుద్ధి చేయుటకని వంటయింట గిన్నెలో నుడకబెట్టరాదు. అట్టి రాళ్లపై పెరుగు కొన్ని మెత్తని బొత్తాము వంటి జీవులలో పాలిటాక్సిన్ అను ఘోరవిషముండును. ఆవిరితో నది గాలిలో కలిసి యింటిల్లిపాదియు ఆసుపత్రి పాలైన సంఘటనలు పలుదేశములలో జరిగినవి.

రాళ్లు సిద్ధమైన వెంటనే తొట్టెలో దింపకుడు. పాత వార్తాపత్రికపై తొట్టె యడుగు కొలతలతో గీత గీసి, ముగ్గునకు ముందుగా చుక్కలు పెట్టుకొన్నట్లు, ఆ గీతలోపల రాళ్లను పేర్చి చూచుకొనుడు. రెండు దినములట్లే యుంచి, వచ్చుచు పోవుచు చూచినచో ఎచ్చట కొఱత యున్నదో తెలియును. బొమ్మల కొలువు మెట్లవలె వెనుక అద్దము పొడవునను గోడ కట్టవలెనని తొలిసారి చేయువారికి తోచును. అది నిండుగా కనబడును గాని, దాని వెనుక నీరు కదలదు. మిగిలిన మేత అచ్చట చేరి కుళ్లును. చేయి దూర్చి తీయ వీలుండదు. దానికి బదులుగా పెద్దదొకటి, చిన్నదొకటి రెండు గుట్టలు కట్టి, నడుమ నీటికి దారి విడువుడు. నాలుగు ప్రక్కల అద్దమునకును రాతికిని నాలుగు వ్రేళ్ల యెడముండవలెను. అప్పుడే నాచును తుడువగలము. పైభాగమున మూడవవంతు చేపలు తిరుగుటకు ఖాళీగా నుండవలెను. ప్రతి గుహకు రెండు ద్వారములుండుట మేలు; నీరును పాఱును, బెదరిన చేపకు పారిపోవు దారియు దొరకును.

నిలకడ మాట వంటయిల్లెఱిగిన వారికి వేఱుగా చెప్ప నక్కఱలేదు. కుండ కదలకుండుటకు మూడు పొయ్యిరాళ్లు చాలును. ఇచ్చటను పైరాయి ప్రతిదియు క్రిందివానిపై మూడు తావుల ఆనియుండవలెను. బంజారా కొండలలో రాతిపై రాయి నిలిచియుండుట మీరు చూచియుందురు. అవి యెవరును పేర్చినవి కావు. ఒకే బండ పగుళ్లవెంట యుగయుగములుగా అరిగి, నిలువలేనిది రాలిపోగా నిలువగలది మిగిలినది. మనకంత కాలము లేదు గావున, తొట్టెలకై యమ్ము ఎపాక్సీ ముద్దతోనో ప్లాస్టిక్ పట్టీలతోనో రాళ్లను బిగించుకొందము. ఇనుపతీగ, రాగి, ఇత్తడి వాడరాదు. రాగి లేశమైనను రొయ్యలకు, నత్తలకు విషము.

తొట్టె యడుగున ప్లాస్టిక్ జాలీ పరచి, దానిపై రాళ్లను నిలిపి, ఆ పిదప ఇసుక పోయుడు. ఇసుకపై రాళ్లు పెట్టినచో గోబీ వంటి చేపలు క్రింద త్రవ్వుకొనును; ఒకనాటి రాత్రి గుట్ట కూలి చేపయు చచ్చును, అద్దమును పగులును. నీరు పోయకముందే అరచేతితో గుట్టను త్రోసి చూడుడు. కదలినచో విప్పి మరల కట్టుడు.

కొలతలును కొంత చెప్పెదను. 90 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 45 ఎత్తు గల తొట్టెలో సుమారు 180 లీటర్లు పట్టును. లీటరునకు 100 మొదలు 150 గ్రాముల రాయి యనునది వాడుక. అనగా 20 కిలోలు చాలును. నీరు, రాయి, ఇసుక, అద్దము, బల్ల కలిసి 200 కిలోలు దాటును. మేడలపై నుండువారు దూలము సాగిన గోడ చెంత నుంచుట క్షేమము. ఎండ పడు కిటికీ, వంటయింటి పొగ దగ్గఱ తగవు. నీటి వేడిమి 25 మొదలు 27 డిగ్రీలలో నుండవలెను. మన వేసవి 40 డిగ్రీలు దాటును గావున ఫ్యానో, నీటిని చల్లబరచు యంత్రమో తప్పదు. కరెంటు పోయినపుడు బ్యాటరీతో నడచు గాలిపంపును సిద్ధముగా నుంచుకొనుడు.

మనకు సముద్రము రోడ్డు దారిని 300 కిలోమీటర్లకు పైగా దూరము. కావున ఆర్.ఓ. యంత్రపు నీటిలో సముద్రపు తొట్టెలకై చేసిన యుప్పును లీటరునకు 35 గ్రాముల చొప్పున కలుపుకొనవలెను, వంటయుప్పు పనికిరాదు. పిదప నాలుగు మొదలు ఆఱు వారములు చేపలు లేకుండ, చిటికెడు మేత మాత్రము వేయుచు వేచియుండుడు. ఆ కాలముననే సూక్ష్మజీవులు రాతిలో కాపురము పెట్టును. అమ్మోనియా, నైట్రైటు రెండును సున్నయని పరీక్షలో తేలిన పిదప ఒకటి రెండు చేపలను దింపుడు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు క్లౌన్ చేపలను తొట్టెలలోనే పిల్లలు పెట్టించు విధానమును సాధించియున్నారు. సముద్రమునుండి పట్టినవానికన్న అట్లు పెరిగిన పిల్లలను అడిగి కొనుట ఉత్తమము.

పగడము లేనంత మాత్రమున తొట్టె బోసిపోదు. కొన్ని నెలలలో తెల్లని రాతిపై ఊదారంగు పొర యెక్కును, సందులలో చిన్న పురుగులు, రొయ్యలు తిరుగాడును. పిల్లలను దగ్గఱకు పిలిచి చూపుడు. సముద్రములోనిది సముద్రమునందే యుంచి, దాని యందము నింటికి తెచ్చుకొనవచ్చునని వారు చిన్ననాడే నేర్చుకొందురు.