అటకమీది రైలుబండ్లు

2019 మే నెలలో ఇంగ్లండు దేశమందలి స్టామ్‌ఫర్డు పట్టణములో, ఒక పాఠశాల హాలునందు నమూనా రైళ్ల ప్రదర్శన జరుగవలసి యుండెను. సమీపముననున్న మార్కెట్ డీపింగ్ క్లబ్బువారు ముందునాడే తమ బల్లలను చేరవేసి, పట్టాలు కలిపి, ఇంజనులను వానిపై నిలిపి ఇండ్లకు పోయిరి. ఆ రాత్రి కొందరు కుర్రవాండ్రు లోపల జొరబడిరి. తెల్లవారి వచ్చి చూచినవారికి నేలనిండ విరిగిన వంతెనలు, నలిగిన ఇండ్లు, చక్రములూడిన పెట్టెలు కనబడినవి. కొన్ని బల్లలు ఏండ్లకేండ్లు శ్రమించి కట్టినవి. క్లబ్బువారు ఐదువందల పౌనుల సహాయము కోరి ప్రజలకు విన్నపము చేసికొనిరి. కొలది దినములలో లక్షపౌనులకు పైగా వచ్చి చేరెను. సుప్రసిద్ధ గాయకుడు రాడ్ స్టూవర్టు ఒక్కడే పదివేల పౌనులు పంపెను.

బొమ్మరైళ్లకు ఇంత దుఃఖమేల, ఇంత ధనమేల అని తెలుగు పాఠకునికి తోచుట సహజము. మన యిండ్లలో బొమ్మరైలనగా తిరునాళ్లలో కొని, సంక్రాంతికి ముందే విరుగగొట్టు వస్తువు. అచ్చట దాని చరిత్ర వేరు. 1891లో జర్మనీకి చెందిన మార్‌క్లిన్ కంపెనీవారు లైప్‌జిగ్ సంతలో కీ యిచ్చి నడపు రైలును, దానితోపాటు విడివిడిగా కొని చేర్చుకొనదగిన పట్టాలను ప్రదర్శించి, పట్టాల నడిమి ఎడమునకు నిర్ణీతమైన కొలతలు ఏర్పరచిరి. ఈ చిన్న వ్యాపారపుటుపాయమే ఒక పెద్ద వ్యాసంగమునకు బీజమైనది. కొన్న వస్తువు కొన్నచోట ముగియక, ప్రతి పుట్టినరోజునకు ఒక పెట్టె, ఒక మలుపు పెరుగుచు పోయెను. మెకానో ఆటవస్తువును కనిపెట్టిన ఫ్రాంక్ హార్న్‌బీ 1920లో తన రైళ్లను బ్రిటనులో విడుదల చేసెను. అప్పటికే, 1910లో, లండనులో పెద్దవారు కొందరు చేరి మోడల్ రైల్వే క్లబ్బును స్థాపించి యుండిరి. అమెరికాలో 1935లో జాతీయ సంఘ మొకటి వెలసినది. 1949లో ఇంగ్లండున ఆరంభమైన ‘రైల్వే మోడలర్’ పత్రిక నేటికిని వెలువడుచున్నది.

ఇట్టి పత్రికలను తిరుగవేసినచో ఒక విశేషము గోచరించును. పూర్తికాని పనికి వానియందు గౌరవప్రదమైన స్థానము కలదు. కేవలము ప్లైవుడ్ బల్లపై రెండు వరుసల పట్టాలు పరచి, గోడకు గడియారము వ్రేలాడుచున్న అటకగది ఫొటోను ఒకడు పంపును. మరికొన్ని నెలలకు అదే బల్లపై తీగవల, పాత వార్తాపత్రికల ముక్కలు, ప్లాస్టరు కలిసి కొండయగును. ఆ మీద పచ్చిక మొలచును. పూర్వము రంగు వేసిన రంపపు పొట్టే పచ్చిక. నేడు సన్నని నారపోగులను స్థిరవిద్యుత్తుచే నిటారుగా నిలువబెట్టి జిగురున అంటింతురు. సొరంగము కడ పెట్టెలు పట్టాలు తప్పుచున్నవని ఆయన మొరపెట్టుకొనగా, ఎన్నడును చూడని వ్యక్తి ఒకడు వంపు బిగువుగా నున్నదనియు, రెండంగుళములు సడలింపుమనియు వ్రాయును. ఇంజను మధ్యలో ఆగిపోవుచున్నదనగా, పట్టాలను కలుపు లోహపు తొడుగులను నమ్మక, ప్రతి పట్టాముక్కకును వేరుగ తీగను టంకమువేసి అతుకుమని మరియొకడు బోధించును. పిల్లి ఎక్కి వంతెనపై పండుకొన్న కథలకు లెక్కలేదు. ఈ ఇచ్చిపుచ్చుకొనుటయందు సిగ్గులేదు. తప్పును దాచినవాని పని అచ్చటనే ఆగిపోవును గనుక దాచుటవలన లాభమును లేదు.

రాడ్ స్టూవర్టు సంగతియే ఇందుకు మంచి సాక్ష్యము. ఆయన ఇరువది యేండ్లకు పైగా తన యింటి పై అంతస్తున 1940ల నాటి అమెరికా పారిశ్రామిక నగరమును నిర్మించి, 2019లో ఆ పత్రికలోనే బయటపెట్టెను. పాటకచేరీలకై దేశములు తిరుగునప్పుడు హోటలులో అదనముగ ఒక గదిని తీసికొని, అందు కూర్చుండి కట్టడములకు రంగులు వేసెడివాడట. ఆ పని ఆయన స్వయముగ చేసియుండడని రేడియోలో ఒక వ్యాఖ్యాత సందేహింపగా, ఆయన వెంటనే ఫోను చేసి ఆక్షేపించెను. విద్యుత్తు పని మాత్రము తనకు చేతకాదనియు, తక్కినదంతయు దాదాపు తన చేతిపనియే యనియు చెప్పుకొనెను. కోట్లకొలది రికార్డులు అమ్ముడుపోయిన గాయకునకు గూడ అట్ట ముక్కలతో కట్టిన మేడవిషయమున కలిగిన రోషము గమనింపదగినది.

కొలతల విషయమున వీరి పట్టుదల బయటివారికి నవ్వు పుట్టింపవచ్చును గాని, అందు గణితోపాధ్యాయునకు పనికివచ్చు సంగతి కలదు. యూరపు, అమెరికాలలో అధికముగ వాడుకనున్న కొలత 87లో ఒకవంతు. అనగా నిజమైన రైలులో ఒక అడుగు నమూనాలో మూడున్నర మిల్లీమీటర్లు. నాలుగడుగుల ఎనిమిదిన్నర అంగుళముల పట్టా ఈ లెక్కన 16.5 మిల్లీమీటర్లగును. బ్రిటిషువారు గూడ ఆ పట్టానే స్వీకరించిరి. కాని వారి దేశపు ఇంజనులు యూరపు ఇంజనులకంటె పొట్టివి, సన్ననివి. ఆ రోజులలోని మోటారు అందు ఇముడలేదు. అందుచే బండిని మాత్రము అడుగుకు నాలుగు మిల్లీమీటర్ల లెక్కన పెద్దది చేసి, పట్టాను ఉన్నదున్నట్లు ఉంచిరి. ఫలితముగ బ్రిటిషు నమూనారైలు నాలుగడుగుల ఒకటిన్నర అంగుళముల దారిపై నడుచుచున్నది; పెద్ద దేహము, ఇరుకు కాళ్లు! మోటారులు చిన్నవై ఎన్నియో దశాబ్దములు గడచినవి. అయినను అంగళ్లలోని సరకంతయు ఆ కొలతకే తయారగుచున్నందున తప్పును దిద్దుట ఎవరి తరమును కాలేదు. దీనిని సహింపలేనివారు కొందరు 18.2 మిల్లీమీటర్లనియు, మరికొందరు సరిగా లెక్కకు వచ్చు 18.83 మిల్లీమీటర్లనియు పట్టాలను చేతితో వేసికొని, ప్రతి ఇంజను చక్రములను మార్చుకొనుచున్నారు. సంఘములు వేరైనవి, వాదములు పెరిగినవి. తొలినాటి తాత్కాలికపు సర్దుబాటు శాశ్వతమై కూర్చుండుట రైళ్లకే పరిమితమైన వింత కాదు. టైపుమిషను అక్షరముల వరుసయు అట్టిదే.

ఇంటిలో చోటు చాలకపోవుట మరియొక చిక్కు. నాలుగు మిల్లీమీటర్ల లెక్కన ఒక మైలు ఇరువదియొక్క మీటర్లు. లండను నుండి ఎడిన్‌బరోకు గల దారిని ఆ లెక్కన వేయవలెనన్న ఎనిమిది కిలోమీటర్లు కావలెను. కావున ప్రతివాడును ఏదో ఒకచిన్న భాగమును ఎన్నుకొనక తప్పదు. 1957లో సిరిల్ ఫ్రీజర్ అను సంపాదకుడు ఇంచుమించు ఏడడుగుల బల్లపై నగరపు స్టేషనును ఇమిడ్చిన ‘మైనరీస్’ అను పథకమును ప్రకటింపగా, దానిని నేటివరకును కట్టుచునే యున్నారు. అంతకంటె ఎక్కువమంది పల్లెటూరి శాఖామార్గపు చివరి స్టేషనును కోరుకొందురు. ఒక ప్లాట్‌ఫారము, ఒక గిడ్డంగి, ఒక సిగ్నలు గది, రెండు పెట్టెల బండి.

ఈ కోరికకు చోటు చాలమియే కారణమనుకొనుట సగము సత్యము. 1963లో బీచింగు నివేదిక బ్రిటనులో రెండువేల మూడువందలకు పైగా స్టేషనులను, సుమారు ఐదువేల మైళ్ల మార్గమును మూసివేయుమని సిఫారసు చేసెను. అందు అధికభాగము అమలు జరిగినది. 1968 ఆగస్టులో బ్రిటిషు రైల్వేలపై ఆవిరియింజనుల సాధారణ ప్రయాణము ముగిసెను. పత్రికలలో కనబడు పల్లె స్టేషనులలో ఎన్నియో అప్పుడు పోయినవే. బాల్యమున తాము చూచిన స్టేషను రోడ్డుక్రింద మాయము కాగా, వృద్ధులైనవారు దానిని అటకమీద మరల నిలుపుకొనిరి. ఈ భావమును అందరికంటె ముందుగ ఆచరణలో పెట్టినవాడు రాయ్ ఇంగ్లండు. ఆస్ట్రేలియా నుండి 1925లో వచ్చిన ఈ యువకుడు, వైట్ హార్స్ లోయలోని పూరికప్పుల గ్రామములు కండ్లయెదుట మారిపోవుచుండుట చూచి, వానిని నమూనాలుగా భద్రపరుప నిశ్చయించుకొనెను. లాంగ్ విట్టెన్‌హాం గ్రామమున 1954లో నెలకొన్న పెండన్ ప్రదర్శనశాల ఆయన కృషిఫలమే. అందలి కుటీరములు అట్టతో చేసి నీటిరంగులు వేసినవి. ఇటుకను సైతము ఆయన చూచి, కొలిచి, అటుపిమ్మట గాని చేయడు. శాసనములను గ్రహించిన చరిత్రకారుని పనికిని దీనికిని పెద్ద భేదము లేదు.

వెనుకచూపు ఒక్కటే ఇందున్నదనుకొనరాదు. అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాసంస్థ విద్యార్థులు 1946లో స్థాపించిన నమూనా రైళ్ల క్లబ్బులో సిగ్నలులు, విద్యుత్తు చూచుకొను ఉపసంఘ మొకటి యుండెను. టెలిఫోను సంస్థల పాత రిలేలతో వారు బల్లక్రింద అల్లిన తీగల యల్లిక, బల్లమీది ఊరికంటె ఆశ్చర్యకరమైనది. ఆ కుర్రవారిలో కొందరు ఆ సంస్థకు వచ్చిన తొలి కంప్యూటరులపై రాత్రులు గడిపి, 1962 నాటికి ‘స్పేస్‌వార్’ అను ఆటను రూపొందించిరి. ‘హాక్’ అను మాటను ఆ రంగమునకు ఇచ్చినవారు ఈ రైళ్ల పిచ్చివారే. ఆ ఋణము తరువాత తీరినది. నేడు ఎన్నియో ఇంజనులలో గోరంత ఎలెక్ట్రానిక్ పలక యుండును. పట్టాలలో విద్యుత్తు ఎల్లప్పుడు ప్రవహించుచుండును. ఆ విద్యుత్తుతోడనే ఆజ్ఞలును సాగును. ఏ ఇంజను సంఖ్యకు ఆజ్ఞ వచ్చినదో అది మాత్రమే కదలును. పూర్వము పట్టాకు విద్యుత్తు హెచ్చించిన దానిపైనున్న ఇంజనులన్నియు ఒకేమారు పరుగెత్తెడివి.

ఇంతటి వ్యాసంగము నేడు చిక్కున పడియున్నది. హార్న్‌బీవారు గత శతాబ్దపు చివరిదశలో తయారీని మార్గేట్ పట్టణము నుండి చైనాకు తరలించిరి. బాక్‌మన్ సంస్థ 1987 నుండియు హాంగ్‌కాంగ్ యజమానులదే. వస్తువులు మునుపెన్నడు లేనంత సూక్ష్మముగ, అందముగ వచ్చినవి; ఆరంభమున చౌకగనే వచ్చినవి. చైనాలో కూలి పెరిగినకొలది ధరయు పెరిగెను. మార్‌క్లిన్ తన నూటయేబదవ యేట, అనగా 2009లోనే, దివాలా దరఖాస్తు పెట్టుకొని, పిమ్మట వేరు యాజమాన్యము క్రింద తేరుకొన్నది. 2020లో కరోనా వ్యాధివలన జనులు ఇండ్లలో చిక్కుపడగా అటకలు మరల తెరువబడి అమ్మకములు పెరిగినవి. ఆ వెలుగు నిలువలేదు. వార్లీ క్లబ్బువారు బర్మింగ్‌హాములో నడపుచు వచ్చిన జాతీయ ప్రదర్శన 2023 నవంబరుతో ముగిసెను. 1946 నుండి లివర్‌పూలువారికి పరిచితమైన హాటన్స్ అంగడి 2024 జనవరిలో మూసివేతను ప్రకటించెను.

ఇష్టపడువారు ముసలివారైరనుట అందరును చెప్పు కారణము. అది నిజమే గాని చాలదు. జర్మనీలోని హాంబర్గు రేవున ఇద్దరు సోదరులు 2001లో తెరచిన ‘మినియేచర్ వండర్‌లాండు’నకు ప్రతి సంవత్సరము లక్షలమంది పిల్లలతో వచ్చుచున్నారు. చూచు కన్నులకు కొరత లేదు. చేయు చేతులకే కొరత. పెట్టె విప్పగనే మసి, తుప్పుతో సహా సిద్ధమై వచ్చు ఇంజనును కొన్నవానికి పొరుగువానితో చెప్పుకొనదగినది ధర తప్ప ఏమున్నది? విరిగిన చక్రమును సరిచేసిన కథ, మూడుమారులు కూలిన వంతెన కథ పోయినపుడు ఈ వ్యాసంగమును కలిపి యుంచిన దారమే పోవును. మార్కెట్ డీపింగ్‌నకు చందాలు పంపినవారు ఆ ఇంజనుల వెల తెలిసి పంపలేదు. ఆ గంటల వెల తెలిసినవారు, లేదా తమ తండ్రికి అది తెలియునని ఎరిగినవారు పంపిరి.

భారతదేశములో ఈ వ్యాసంగము కొద్దిమందికే పరిమితము. పూనాలోని జోషీగారి చిరురైళ్ల ప్రదర్శనశాల 1998 నుండి ప్రజలకు తెరచియున్నది. మన బ్రాడ్‌గేజి ఐదున్నర అడుగులు కాగా 87వ వంతున పంతొమ్మిది మిల్లీమీటర్లు దాటును. అంగడి పట్టా సరిపడదు. చేతితో వేసికొనుటయో, ఇరుకుపట్టాపై రాజీపడుటయో గతి. శ్రీకాకుళము జిల్లావారికి మాత్రము ఒక అదృష్టము కలదు. నౌపడా నుండి పర్లాకిమిడికి అచ్చటి మహారాజు వేయించగా 1900లో ఆరంభమైన బండి రెండున్నర అడుగుల పట్టాపై నడచెను. దానిని 87చే భాగించిన తొమ్మిది మిల్లీమీటర్లకు అతి సమీపముగ వచ్చును. ఆ కొలత పట్టా లోకమంతటను అమ్ముడగుచున్నది. 2004లో ఆ మార్గమును నిలిపివేసి, బ్రాడ్‌గేజిగా మార్చి, 2011లో మరల తెరచిరి. టెక్కలిలోను, పాతపట్నములోను ఆ చిన్నబండి ఎక్కి బడికి పోయినవారు ఇంకను ఉన్నారు. పెట్టె తలుపు ఏ వైపునకు తెరచుకొనెడిదో, ఇంజనునకు నీరు ఎచ్చట పట్టెడివారో, ప్లాట్‌ఫారముమీది చెట్టు వేపయో రావియో వారిని అడిగి, కొలతలతో సహా వ్రాసికొనుటకు ఏ ఉన్నత పాఠశాల విద్యార్థులకైనను ఒక వేసవి సెలవు చాలును.