గుండెకూ హోదా ఉందా?

ఆగ్నేయ మధ్య రైల్వేకు బిలాస్‌పూర్ కేంద్రం. లోకో పైలట్‌కు 45 ఏళ్ల వరకు నాలుగేళ్లకోసారి, 55 వరకు రెండేళ్లకోసారి, ఆపై ఏటా వైద్య పరీక్ష తప్పనిసరి. అతడు కుప్పకూలితే రైలుకే ముప్పు గనుక ఇది సబబే. అదే పట్టాల పక్కన ఎండలో కంకర మోసే కాంట్రాక్టు కూలీకి ఇంతటి కచ్చితమైన గడువులేవి? అతడు కుప్పకూలితే ఏ రైలూ ఆగదు.

ముప్పై దాటినవారందరికీ రక్తపోటు, మధుమేహ పరీక్షలంటూ కేంద్రం 2017లోనే కార్యక్రమం ఆరంభించింది. 2025 నాటికి 7.5 కోట్ల మందికి ప్రామాణిక చికిత్స అందిస్తామని 2023 మేలో ప్రకటించింది. ఎందరిని పరీక్షించారన్నది ప్రసంగాల్లో ఘనంగా వినిపిస్తుంది. ఎందరికి నెలనెలా మాత్ర అందుతున్నదన్నది వినిపించదు. పక్షవాతాన్ని అడ్డుకునేది ఆ మాత్రే. 140/90 దాటిన రక్తపోటు సాధారణంగా నొప్పి పెట్టదు, హెచ్చరించదు. మెదడు రక్తనాళం పూడుకుపోయాక గడ్డ కరిగించే మందుకు మిగిలేది నాలుగున్నర గంటలే.

రోజుకూలి వదులుకొని పరీక్షకు వరుసలో నిలబడమనడం అన్యాయం. కూలి కోత లేని వార్షిక పరీక్షను, ఆపై మందులను రైల్వే ప్రతి కాంట్రాక్టులోనూ షరతుగా చేర్చాలి. ఇంజిను నడిపేవాడి గుండెకున్న విలువ పట్టా బిగించేవాడి గుండెకు లేకపోతే, దాన్ని ఆరోగ్య విధానమనడం దేనికి? సరుకు రవాణా విధానమంటే సరిపోతుంది.