గానమును, గృహమును

మా పాఠశాల వార్షికోత్సవములందు బాలికలు పాడునపుడు తల్లిదండ్రులు సంతసించి కరతాళధ్వనులు సేయుదురు. ఆ బాలికయే చదువు ముగించి, సంగీతమును విడువక సాగింతు ననినచో, "రేపు కాపురము చేయవలసిన పిల్లకు పాట లెందుకు?" అను మాట యింట బయలుదేరును. అబిడ్సు నుండియు, నాంపల్లి నుండియు మా బడికి వచ్చు బాలికల నోట నీ మాట మేము పలుమారు వినియున్నాము. దీనికి సమాధానముగా శ్రీమతి పి. భానుమతీ రామకృష్ణగారి జీవితమును జూపగోరుచున్నాము.

అబిడ్సులో ప్యాలెస్, జమృద్ టాకీసులు వెలుగొందిన దినములు మా విద్యార్థుల తాత లెరుగుదురు. నేడా చిత్రశాలలు లేవు. భానుమతిగారి కంఠము మాత్రము ఆ తరమువారి చెవులలో నింకను మ్రోగుచునే యున్నది.

ఆమె 1925లో ఒంగోలు ప్రాంతమున జన్మించిరి. సంగీతమున తండ్రియే తొలి గురువు. 1939లో వచ్చిన "వరవిక్రయము" చిత్రమున, వరశుల్క దురాచారమునకు బలియైన కాళింది పాత్రతో వెండితెర కెక్కిరి. 1943లో, "కృష్ణప్రేమ" చిత్రమునకు సహాయ దర్శకులుగా నుండిన శ్రీ పి. ఎస్. రామకృష్ణారావుగారిని వివాహమాడి, ఇక నటన చాలించి యిల్లు చూచుకొందు నని తలచిరి. అయినను శ్రీ బి. ఎన్. రెడ్డిగారి "స్వర్గసీమ" ఆమెను మరల రప్పించెను. 1945లో ఆ చిత్రము విడుదలయై ఆమె కీర్తిని నలుదెసల వ్యాపింపజేసెను.

పిదప దంపతులు కుమారుడు భరణి పేరనే మద్రాసులో చిత్రసంస్థను, స్టూడియోను స్థాపించిరి. భర్త దర్శకత్వమున 1949లో "లైలా మజ్ను", 1954లో "విప్రనారాయణ" వెలువడెను. రెంటను ఆమె నటించి పాడిరి. 1953లో "చండీరాణి"ని మూడు భాషలలో తామే దర్శకత్వము వహించి నిర్మించిరి. అత్తాకోడండ్ర యింటి ముచ్చట్లనే "అత్తగారి కథలు"గా వ్రాసి తెలుగువారిని నవ్వించిరి. సంసార మామె కళకు సంకెల కాలేదు, కథావస్తు వయ్యెను.

"అందరికిని స్టూడియో యుండునా?" యని కొంద రడుగవచ్చును. ఉండదు. కాని ఆ యింట ముఖ్యమైనది స్టూడియో కాదు, పని పంచుకొను బుద్ధి యని మా యభిప్రాయము. ఆ దంపతుల వృత్తి యొక్కటే, ఇల్లొక్కటే, బిడ్డ యొక్కడే. అయినను సినిమాను, సంసారమును ఎట్లు సమన్వయించుకొంటి రను ప్రశ్న లోకము భార్యకే వేయును. భర్తకు వేయుట మేము వినలేదు. దోషము కళయందు లేదు, ఆ ప్రశ్నయందే యున్నది.

కావున తల్లిదండ్రులకు మా విన్నప మిది: పాడు కూతురునకు దినమున కొక గంట సాధనకు విడువుడు; ఆ గంట వంటయింటి పిలుపు రానీయకుడు. పెండ్లిమాటలు జరుగునపుడు కట్నముల లెక్కకు ముందు, పిల్ల పాట సాగునా యని యడుగుడు. బాలురారా! మీ యక్క శ్రుతి సరిచేసికొనుచున్నపుడు మీ పళ్లెము మీరే కడుగుకొనుడు. రేపటి కాపురమునకు మీరును నేడే సిద్ధపడవలసి యున్నది.