యాభై దాటాక ఏ షిఫ్టు?

ముంబయి హైవే మీద పటాన్‌చెరు దాటి, ఇస్నాపూర్ దాటి పక్కకు తిరిగితే లక్డారం. క్వారీలు, కంకర మిల్లుల ఊరు. ఎండాకాలం వస్తే చెట్ల ఆకులు కూడా తెల్లగానే కనిపిస్తాయి. ఇలాంటి చోట క్రషర్ దగ్గర నిలబడితే రోజూ వినబడే మాట ఒకటుంది.

‘‘కాకా, జర ఇటు రా. సప్పుడేందో తేడాగున్నది.’’

‘‘బంద్ చెయ్ బిడ్డా. బేరింగు ఎండింది.’’

అంతే. మీటర్లు, సెన్సర్లు ఏమీ లేవు. పాతికేళ్లు ఆ మోత విన్న చెవి చెప్పింది. బేరింగు పూర్తిగా పోయాక ఆపితే రెండు రోజుల పని పోయేది. ముందే ఆపారు కాబట్టి గంటతో సరిపోయింది. అయితే ఆ గంటకు ఏ రిజిస్టర్‌లోనూ లెక్క ఉండదు. కాకా జీతానికి మాత్రం నెలనెలా లెక్క ఉంటుంది.

గిరాకీ ఉన్నన్నాళ్లూ ఈ తేడా ఎవరికీ కనబడదు. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్లు లేవడం మందగించిందంటే కంకరకు గిరాకీ తగ్గుతుంది. ఇటు పాశమైలారం, పటాన్‌చెరు షెడ్లలో ఆర్డర్లు తగ్గితే మూడు షిఫ్టులు రెండవుతాయి. అప్పుడు సేటయినా, మేనేజరయినా ముందు చూసేది జీతాల పట్టీనే. పట్టీలో పైన ఉండేవి పాత పేర్లు. ఓడ దాటేదాకా ఓడమల్లయ్య, దాటాక బోడిమల్లయ్య అన్న సామెత గుర్తొచ్చేది అక్కడే.

పటాన్‌చెరు పరిశ్రమల వాడకు ఇది ఇప్పుడు మరీ పెద్ద ప్రశ్న. మెదక్ జిల్లా ఊళ్ల నుంచి పొలం వదిలి ఫ్యాక్టరీ గేటు ఎక్కిన మొదటి తరానికి వయసు మీదపడింది. 1985లో ఇరవై ఏళ్ల కుర్రాడిగా చేరినవాడికి 2025లో అరవై నిండాయి. వాళ్ల వెనక చేరినవాళ్లు యాభైల్లో ఉన్నారు. 2008 మాంద్యాన్ని, 2016 నోట్ల రద్దును, 2020 లాక్‌డౌన్‌ను చూసినవాళ్లు వీళ్లే. ఇంకో దెబ్బ తగిలితే మళ్లీ లేచి నిలబడటానికి ముప్ఫై ఏళ్లవాడికి కాలం ఉంటుంది. యాభై అయిదేళ్లవాడికి ఉండదు.

స్వచ్ఛందం ఎవరిది?

కష్టకాలంలో యాజమాన్యాలు పెద్దవయసు కార్మికుల కోసం తీసే మొదటి కాగితం వీఆర్ఎస్. స్వచ్ఛంద పదవీ విరమణ. ఈ మూడు అక్షరాలు హైదరాబాద్‌కు కొత్త కాదు. ఐడీపీఎల్, హెచ్‌ఎంటీ కాలనీల్లో ఏ ఇంటి తలుపు తట్టినా ఆ కథ చెబుతారు. ఈమధ్య కాలంలో అతి పెద్దది బీఎస్ఎన్ఎల్‌ది. 2019లో యాభై దాటినవాళ్లకు పథకం ప్రకటిస్తే దాదాపు 78 వేల మంది సంతకం పెట్టారు. 2020 జనవరి 31న ఒక్క రోజులో అంతమందీ ఇంటికి వెళ్లారు.

యాజమాన్యాలకు వీఆర్ఎస్ అంటే ఎందుకంత ఇష్టం? కారణం చట్టంలోనే ఉంది. మనుషులు ఎక్కువయ్యారని తీసేస్తే దాన్ని రిట్రెంచ్‌మెంట్ అంటారు. 1947 పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం అలా తీసేటప్పుడు ఒక్కో విభాగంలో చివర చేరినవాడు ముందు వెళ్లాలి. అంటే పాతవాడికే రక్షణ. దాన్ని పక్కన పెట్టాలంటే యాజమాన్యం కారణం రాసి చూపాలి. కార్మికుడు తనంతట తాను వెళ్తే మాత్రం అది రిట్రెంచ్‌మెంటే కాదు. క్రమం లేదు, అనుమతి లేదు. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా ఈ రెండు సూత్రాలనూ అలాగే ఉంచింది. మార్చిందల్లా అనుమతి గీతను. ఫ్యాక్టరీలో మనుషుల్ని తీసేయడానికి ప్రభుత్వ అనుమతి కావాలంటే ఇదివరకు కేంద్ర చట్టంలో వందమంది ఉంటే చాలు. ఇప్పుడు మూడు వందల మంది ఉండాలి. చిన్న షెడ్లలో పనిచేసేవాళ్లు ఆ గీతకు ఎప్పుడూ బయటే.

ఇక లెక్క చూడండి. ఒక ఫిట్టర్‌కు యాభై అయిదేళ్లు, ముప్ఫై ఏళ్ల సర్వీసు, బేసిక్, డీఏ కలిపి నెలకు 26 వేలు అనుకోండి. వీఆర్ఎస్ కాగితం మీద పెద్ద అంకె కనబడుతుంది. అందులో గ్రాట్యుటీ కూడా కలిపి ఉంటే జాగ్రత్త. ఏడాదికి పదిహేను రోజుల జీతం, నెలకు 26 పనిదినాల లెక్కన అతని గ్రాట్యుటీ 4 లక్షల 50 వేలు. అది యాజమాన్యం పెట్టే కానుక కాదు. 1972 చట్టం నాటి నుంచీ ఉన్న హక్కు. ఈరోజు రాజీనామా చేసినా వస్తుంది. పీఎఫ్ కూడా అంతే, అతని డబ్బే. ఈ రెండూ తీసేశాక మిగిలిందే వీఆర్ఎస్. దాన్ని యాభై ఎనిమిది దాకా రావాల్సిన 36 నెలల జీతంతో, అంటే 9 లక్షల 36 వేలతో, పోల్చి చూసుకోవాలి. పోల్చాక కూడా సంతకం పెట్టాలనిపిస్తే అది నిజంగా స్వచ్ఛందం.

పింఛను సంగతి వేరే. 1995 ఉద్యోగుల పింఛను పథకంలో పూర్తి పింఛను యాభై ఎనిమిదికి. పదేళ్ల సర్వీసు ఉండి పని మానేస్తే యాభై నుంచే తీసుకోవచ్చు. కానీ ముందు తీసుకున్న ప్రతి ఏడాదికీ 4 శాతం కోత. యాభై రెండుకే తీసుకుంటే అయిదోవంతుకు పైగా పోతుంది. అదీ బతికినన్నాళ్లూ. 2014 సెప్టెంబరులో కనీస పింఛను వెయ్యి రూపాయలుగా ఖరారయిందంటే ఈ పింఛన్ల స్థాయి ఏమిటో అర్థమవుతుంది. పిల్ల పెళ్లికని తొందరపడి ఫారం నింపినవాళ్లకు ఆ కోత విలువ అరవై అయిదులో తెలుస్తుంది.

అదే గేటు, వేరే చీటీ

రెండో పద్ధతి ఇంకా తెలివైనది. ‘‘లెక్క తీసుకో కాకా, వచ్చే నెల నుంచి కాంట్రాక్టు మీద రా.’’ అదే గేటు, అదే మిషన్, అదే టీ కొట్టు. మారేది హాజరు చీటీ మీద పేరు, జీతం. పాత సర్వీసు అక్కడితో కట్. ఖాళీగా కూర్చోవడం కంటే ఇది నయమే. 2025లో వచ్చిన కోడ్‌లు కొంత మేలు చేశాయి. నిర్ణీత కాలానికి నేరుగా తీసుకున్న ఉద్యోగికి ఏడాది నిండితే గ్రాట్యుటీ వస్తుంది. కానీ దానికి నియామక పత్రం చేతిలో ఉండాలి. నోటి మాట మీద పనికి వెళ్లేవాడికి ఏ కోడూ అక్కరకు రాదు. లక్డారంలాంటి క్వారీల ఊళ్లలో సేటు మాటే పాలసీ, మేస్త్రీ మాటే నోటీసు.

జపాన్‌లో కూడా ఇలాంటి పద్ధతే ఉంది. అరవైకి రిటైర్ చేసి, తక్కువ జీతంతో మళ్లీ తీసుకుంటారు. తేడా ఏమిటంటే అక్కడ అది సేటు దయ కాదు. కోరుకున్నవాళ్లకు అరవై అయిదు దాకా పని చూపించడం యాజమాన్యం బాధ్యత. 2021 నుంచి డెబ్బై దాకా ప్రయత్నించాలని కూడా చట్టం చెప్పింది.

మూడో పద్ధతి మనుషుల్ని కాక గంటల్ని తగ్గించడం. 2009లో జర్మనీలో ఆర్డర్లు పడిపోతే దాదాపు 15 లక్షల మందిని తీసేయకుండా తక్కువ గంటలు పనిచేయించారు. పోయిన జీతంలో కొంత ప్రభుత్వం భరించింది. గిరాకీ తిరిగి వచ్చేసరికి చేయి తిరిగిన కార్మికులు గేటులోపలే ఉన్నారు. మన చట్టంలోనూ లే-ఆఫ్ ఉంది. అర్హులైన వాళ్లకు బేసిక్, డీఏల్లో సగం ఇవ్వాలి. 1953 నుంచీ ఉంది. కానీ యాభై మంది లోపు ఉన్న యూనిట్లకు అది వర్తించదు. ఆ సగమూ యాజమాన్యం జేబు నుంచే రావాలి. లే-ఆఫే చివరిమెట్టు అయిన ఉదాహరణ పాత మెదక్ జిల్లాలోనే ఉంది. 2015 డిసెంబరులో నిజాం దక్కన్ షుగర్స్ బోధన్, ముత్యంపేట, మంభోజిపల్లి ఫ్యాక్టరీలకు లే-ఆఫ్ ప్రకటించింది. గానుగలు ఆగిపోయాయి.

చెక్క నేల ఖరీదు

పెద్దవాళ్లకు పని నెమ్మదిగా సాగుతుందని, సెలవులెక్కువని మేనేజర్లు అంటారు. కొంత నిజమే. మోకాళ్లు అరుగుతాయి, చూపు మందగిస్తుంది. 2007లో జర్మనీలోని డింగోల్ఫింగ్ బీఎండబ్ల్యూ ఫ్యాక్టరీ ఇదే చిక్కును వేరే వైపు నుంచి చూసింది. కొన్నేళ్ల తర్వాత తమ కార్మికుల సగటు వయసు ఎంత ఉంటుందో అంచనా వేసి, ఒక లైనులో కావాలనే అలాంటి వయసువాళ్లను పెట్టింది. ఏం కావాలో వాళ్లనే అడిగింది. సిమెంటు నేల మీద చెక్క పరిచారు. కూర్చుని చేసే చోట కుర్చీ వేశారు. చిన్న అక్షరాలు కనబడటానికి భూతద్దాలు పెట్టారు. ఇలాంటివి డెబ్బై మార్పులు. మొత్తం ఖర్చు సుమారు 40 వేల యూరోలు. ఏడాదిలో ఉత్పాదకత 7 శాతం పెరిగింది.

పాశమైలారం షెడ్డు బీఎండబ్ల్యూ కాదు. నిజమే. కానీ స్టూలు వేయడానికి, యాభై దాటినవాళ్లకు రాత్రి షిఫ్టు తప్పించడానికి, బరువు మోసే పని నుంచి చెక్ చేసే పనికి మార్చడానికి యూరోలు అక్కర్లేదు. క్రషర్ మీద నీళ్ల పైపు పెట్టి దుమ్ము అణచడం అన్ని వయసులవాళ్లకూ మేలు. దుమ్ము పీల్చిన ఊపిరితిత్తులు వయసుతో బాగుపడవు.

కొత్త కోడ్‌లలో నలభై దాటిన కార్మికులకు ఏటా ఉచిత వైద్య పరీక్ష అన్నారు. మంచిదే. కానీ ఆ రిపోర్టు ఎవరి బల్ల మీదికి వెళ్తుందన్నదే అసలు ప్రశ్న. 1947 చట్టంలో ఎడతెగని అనారోగ్యం పేరుతో పంపించేస్తే అది కూడా రిట్రెంచ్‌మెంట్ లెక్కలోకి వచ్చేది కాదు. ఊపిరితిత్తుల ఫొటో చూసి నీళ్ల పైపు పెడతారా, గేటు చూపిస్తారా? ఒకే కాగితం రెండు విధాలా పనిచేస్తుంది. గిరాకీ తగ్గిన ఏడాది అది ఏ విధంగా పనిచేస్తుందో యూనియన్లు కనిపెట్టి చూడాల్సి ఉంటుంది.

సంతకం పెట్టక తప్పని పరిస్థితి వస్తే, ఇంటికి వెళ్లేముందు ఒక పని చేయాలి. అయిదేళ్లకు తక్కువ కాకుండా ఈఎస్ఐలో ఉండి రిటైరయినా, వీఆర్ఎస్ తీసుకున్నా ఏడాదికి 120 రూపాయలు కట్టి భార్యాభర్తలు వైద్యం పొందవచ్చు. రామచంద్రాపురం ఈఎస్ఐ ఆసుపత్రి దూరమేమీ కాదు. ఈ సంగతి వీఆర్ఎస్ కాగితంలో రాసి ఉండదు. కార్మికుడే అడగాలి.

యాజమాన్యాలూ ఒక లెక్క వేసుకోవచ్చు. కాకాను పంపితే నెలకు ఎంత మిగులుతుందో ఎలాగూ వేస్తారు. గిరాకీ తిరిగొచ్చిన రోజున, ఫుల్ లోడు మీద బేరింగు ఎండితే, ఆ చప్పుడు ఎవరు వింటారో కూడా పక్కనే రాసుకోవాలి. ఈ రోజు ‘‘కాకా, జర ఇటు రా’’ అని పిలుస్తున్న కుర్రాడికి ఆ చెవి రావాలంటే ఇంకో ఇరవై ఏళ్లు పడుతుంది. అప్పటికి వాడికీ యాభై దగ్గర పడతాయి.