పేరు లేని ప్రోనోటు

ఎన్నికలు ముగిసిన మర్నాడు రచ్చబండ దగ్గర మోతుబరులు అనే మాట ఒక్కటే: "కూలోళ్ళు నోటుకు అమ్ముడుపోయారు." 2021 అక్టోబరులో హుజూరాబాద్ ఉప ఎన్నిక ముందు, తమకు డబ్బు కవర్లు అందలేదని కొన్ని ఊళ్ళ జనం రోడ్డెక్కితే రాష్ట్రమంతా నవ్వుకుంది. మేం నవ్వలేదు. నోటు పుచ్చుకోవడం ఒప్పని మేం అనం. కాని పంచేవాణ్ణి వదిలేసి, పుచ్చుకునేవాణ్ణి చూసి నవ్వడం ఏం న్యాయం?

ఆ కవర్లలో డబ్బుకు లెక్కాపత్రం ఉండదు. బ్యాంకు ద్వారా, దర్జాగా పార్టీలకు చేరిన డబ్బు సంగతి మాత్రం బయటపడింది. అది కూలి జనానికి తెలియాలి.

ప్రోనోటు అంటే ఏమిటో మనకెవరూ చెప్పనక్కర్లేదు. అప్పిచ్చినవాడి పేరు, తీసుకున్నవాడి వేలిముద్ర, వడ్డీ రేటు అన్నీ ఉంటాయి. కేంద్ర ప్రభుత్వం 2017 బడ్జెట్‌లో ప్రకటించి 2018లో తెచ్చిన ఎన్నికల బాండు కూడా చట్టం మాటల్లో ప్రోనోటు లాంటిదే. అయితే దానిమీద ఇచ్చినవాడి పేరూ లేదు, పుచ్చుకున్న పార్టీ పేరూ లేదు. స్టేటుబ్యాంకులో కొనడం, పార్టీ చేతిలో పెట్టడం, అంతే. వడ్డీ ఎంతో, ఎలా వసూలు చేసుకుంటాడో కాగితం మీద కనపడదు. అంతకుముందు ఏ కంపెనీ అయినా తన మూడేళ్ళ సగటు లాభంలో 7.5 శాతానికి మించి చందా ఇవ్వకూడదనే హద్దుండేది. 2017లో దాన్నీ ఎత్తేశారు. నష్టాల్లో ఉన్న కంపెనీ కూడా కోట్లు ఇవ్వొచ్చునన్నారు అప్పట్లో! పంట పోయిన కౌలురైతుకు మాత్రం వెయ్యి రూపాయల అప్పు పుట్టదు.

2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఈ పథకం రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. కోర్టుకెక్కినవారిలో సి.పి.ఐ.(ఎం) ఉంది. ఆ పార్టీ బాండ్లు ముట్టుకోలేదు. తర్వాత బయటికొచ్చిన జాబితా చూడండి. 2019 ఏప్రిల్ నుంచి అమ్మిన బాండ్లు సుమారు 12 వేల కోట్లు. అందులో దాదాపు సగం, 6 వేల కోట్లు, ఒక్క బి.జె.పి.కే. బి.ఆర్.ఎస్.కు 1,200 కోట్లు. వై.ఎస్.ఆర్. కాంగ్రెసుకు 337 కోట్లు, తెలుగుదేశానికి 218 కోట్లు. కొన్నవారిలో రెండో స్థానం హైదరాబాదు కంపెనీ మేఘా ఇంజనీరింగ్‌ది, 966 కోట్లు. కాళేశ్వరం ఎత్తిపోతల పనుల్లో పెద్ద కాంట్రాక్టరు అదే.

ఈ బాండ్లలో ఎక్కువ విలువ కోటి రూపాయల కాగితాలదే. రోజుకు 400 కూలి, ఏడాదికి 100 పనిదినాలు అనుకోండి. ఆ ఒక్క కాగితం విలువ సంపాదించడానికి ఒక కూలీకి 250 ఏళ్ళు పడుతుంది. ఇలాంటివి వందలు కొనగలిగినవాడికి మంత్రిగారి తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. కూలిరేటు పెంచండయ్యా అని మనం ఎమ్మార్వో ఆఫీసు ముందు ఎండలో కూచుంటే, బయటికొచ్చి అర్జీ అందుకునే దిక్కుండదు. ఐదువందల నోటు కొన్నది ఒక్కపూట ఓటును. కోటి రూపాయల కాగితం కొన్నది ఐదేళ్ళ పాలనను.

బాండ్లు పోయినా దారి మూతపడలేదు. ఎలక్టోరల్ ట్రస్టుల పేరుతో కంపెనీల చందాలు పార్టీలకు చేరుతూనే ఉన్నాయి. మన రాష్ట్రాల్లో అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు 40 లక్షలు దాటకూడదంటారు. పార్టీ ఖర్చుకు హద్దే లేదు. ఇది ఇవాళ్టి వంకర కాదు. పార్టీ పెట్టిన ఖర్చును అభ్యర్థి లెక్కలో కలపాలని 1974లో సుప్రీంకోర్టు తీర్పిస్తే, ఇందిరాగాంధీ ప్రభుత్వం ఆగమేఘాల మీద ఆర్డినెన్సు తెచ్చి ఆ తీర్పుకు నీళ్ళొదిలింది.

గెలిచినా ఓడినా, ఫలితాలొచ్చిన 30 రోజుల్లో ప్రతి అభ్యర్థీ జిల్లా ఎన్నికల అధికారికి ఖర్చు లెక్క అప్పజెప్పాలి. రూపాయి ఫీజు కట్టి ఎవరైనా దాన్ని చూడొచ్చు. సంఘం కార్యకర్తలు ఈసారి వెళ్ళి చూడాలి. సభలకు ట్రాక్టర్లెక్కించి తోలుకుపోయింది మనల్నే కదా. ఎన్ని ట్రాక్టర్లు కదిలాయో, మనిషికెంత ఇచ్చారో, బిర్యానీ పొట్లాలెన్ని దిగాయో మనకే బాగా తెలుసు. వాళ్ళ లెక్కా మన లెక్కా పక్కపక్కన రాసి, పేటలో దీపాలవేళ అందరినీ కూచోబెట్టి చదివి వినిపించండి.