చెప్పిన నడక, నడిచిన నడక

గుండెపోటు వచ్చి స్టెంటు వేయించుకున్న మనిషి ఫైల్లో అంకెలకు కొదవ ఉండదు. ఎకోలో గుండె ఎంత శాతం రక్తాన్ని తోస్తోందో ఉంటుంది. చెడు కొలెస్ట్రాల్, బీపీ, షుగర్, క్రియాటినిన్ ఉంటాయి. వ్యాయామం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒక ప్రశ్న, ఒక జవాబు. "వాకింగ్ చేస్తున్నారా?" "చేస్తున్నానండీ." అక్కడితో ఆ విషయం ముగిసి, మాట మందుల చీటీ మీదికి వెళ్తుంది.

ఆ జవాబు ఎంత నమ్మదగినది? శారీరక శ్రమను నోటిమాట ద్వారానూ, పరికరం ద్వారానూ కొలిచి పోల్చిన అధ్యయనాలను కెనడా పరిశోధకులు 2008లో ఒకచోట చేర్చి చూశారు. రెండు కొలతల మధ్య సహసంబంధం సగటున 0.37 ఉంది. రెండూ అచ్చంగా కలిస్తే అది 1 కావాలి. పైగా కొందరు చేసినదానికంటే ఎక్కువ చెప్పారు, కొందరు తక్కువ చెప్పారు. అందువల్ల అందరి లెక్కలోంచీ ఇంత శాతం తగ్గించుకుని సరిపెట్టుకుందామన్నా కుదరదు. దీన్ని అబద్ధం అనలేం. పొద్దున చేసిన నడక గుర్తుంటుంది, ఆ తర్వాత టీవీ ముందు కుర్చీలో గడిచిన గంటలు గుర్తుండవు. మన దేశంలో 2022 నాటికి పెద్దల్లో దాదాపు సగం మంది చాలినంత కదలడం లేదన్న అంచనా 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చి పేపర్లకెక్కింది. దానికీ ఆధారం ఇలాంటి ప్రశ్నావళులే!

గుండెపోటు తర్వాత పర్యవేక్షణలో వ్యాయామం చేయించే గుండె పునరావాసం పనిచేస్తుందా అన్న దానిపై సందేహం లేదు. 2023లో యూరోపియన్ హార్ట్ జర్నల్‌లో వచ్చిన విశ్లేషణలో 85 ప్రయోగాలు, 23 వేలకు పైగా రోగులు ఉన్నారు. వ్యాయామంతో కూడిన పునరావాసం పొందినవాళ్ళలో గుండె జబ్బు మరణాలు సుమారు నాలుగో వంతు తగ్గాయి. నన్ను కలవరపెట్టేది వేరే విషయం. ఫిజియోథెరపిస్టు పక్కన నిలబడి ట్రెడ్‌మిల్ మీద నడిపించిన వారాలు అయిపోతాయి. తర్వాత ఇంట్లో ఏం జరుగుతోంది? ఆసుపత్రి పునరావాసం ఒక్కటే రోగి రోజువారీ కదలికను మార్చి నిలబెట్టడానికి చాలదని 2015 నాటి సమీక్ష ఒకటి తేల్చింది. మనం కొలవడం మానేసిన చోటే అసలు పరీక్ష మొదలవుతోందన్నమాట.

ఇక్కడే స్వీయ నియంత్రణ సంగతి వస్తుంది. డిశ్చార్జి రోజున "ఇక రోజూ నడుస్తాను" అనని రోగి అరుదు. ఆ సంకల్పానికీ ఆచరణకూ మధ్య ఏముందో జర్మనీలో స్నీహోటా, షోల్జ్, ష్వార్జర్ గుండె రోగులతోనే పరిశీలించారు. స్వీయ నియంత్రణకు వాళ్ళు వాడిన కొలమానం మూడు సంగతులు అడుగుతుంది: చేస్తున్నదాన్ని గమనించుకుంటున్నారా, పెట్టుకున్న లక్ష్యం మనసులో మెదులుతోందా, తేడా వచ్చినప్పుడు సరిదిద్దుకునే ప్రయత్నం చేస్తున్నారా. మొత్తం ఆరు వాక్యాలు. 2006లో ప్రచురించిన వాళ్ళ మరో ప్రయోగంలో ఎప్పుడు, ఎక్కడ, ఎలా అన్న ప్రణాళికతో పాటు అడ్డంకి వస్తే ఏం చేయాలో కూడా ముందే రాసుకున్నవాళ్ళు డిశ్చార్జి అయిన రెండు నెలలకు మిగతావాళ్ళ కంటే ఎక్కువ వ్యాయామం చేశారు. వర్షం పడితే? మనవడి పెళ్ళికి ఊరెళ్తే? మోకాలు పట్టేస్తే? ఈ ప్రశ్నలు మన ఓపీల్లో ఎవరడుగుతారు? వాటి జవాబులు పక్కన కూర్చున్న భార్యకు తెలుస్తాయి, ఆమెను మనం అడగం.

అయితే ఆ ఆరు వాక్యాలకూ జవాబిచ్చేది రోగి నోరే. తెల్లకోటు ఎదురుగా ఉంటే "గమనించుకుంటున్నాను" అనడమే మర్యాద. అందుకే కొలమానాన్నీ, ఏడు రోజుల పాటు నడుముకు పెట్టుకునే, కదలికను కొలిచే యాక్సిలరోమీటరునూ జంటగా వాడాలని నా పట్టుదల. రెండూ కలవని చోటే అసలు సమాచారం దొరుకుతుంది. అడుగులు బాగున్నా కొలమానంలో మార్కులు తక్కువైతే, ఆ మనిషిని నడిపిస్తున్నది ఇంట్లో కొడుకో, చేసే ఉద్యోగమో కావచ్చు. అది పోతే నడకా పోతుంది. మార్కులు ఎక్కువగా ఉండి అడుగులు లేకపోతే ఆయాసమో, మళ్ళీ నొప్పి వస్తుందన్న భయమో లోపల ఉందని ముందు అనుమానించాలి. ఈ రెండో రకాన్ని బద్ధకం కింద జమకట్టి మందలించి పంపేస్తే ప్రమాదం.

పరికరాన్నీ గుడ్డిగా నమ్మకూడదు. అడుగులు లెక్కించే పెడోమీటర్లపై 2007లో జామా పత్రికలో వచ్చిన సమీక్షలో వాటిని పెట్టుకున్నవాళ్ళు రోజుకు సుమారు 2,500 అడుగులు ఎక్కువ వేశారు. అంటే కొలిచిన వారం మామూలు వారం కాదు. నెమ్మదిగా నడిచే వృద్ధుల అడుగులను చాలా పరికరాలు తక్కువగా లెక్కిస్తాయి. పదివేల అడుగుల లక్ష్యం 1965లో జపాన్ కంపెనీ ఒకటి అమ్మిన పెడోమీటరు పేరులోంచి వచ్చింది, గుండె వార్డులోంచి కాదు. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మందు వాడేవాళ్ళలో నాడి అంతగా పెరగదు. అందుకని 220లోంచి వయసు తీసేసి వాచీ చూపే నాడి లక్ష్యాన్ని పట్టుకుని పరుగెత్తమనడం సరికాదు. నడుస్తూ మాట్లాడగలుగుతున్నారా అన్నది దానికంటే మేలైన గుర్తు.

పట్నంలో జిమ్ములాంటి పునరావాస కేంద్రం ఉన్నవాళ్ళకైనా పర్యవేక్షణ దొరుకుతుంది. పల్లెల సంగతి వేరు. ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల మరణాలను పరిశీలించి 2006లో ప్రచురించిన అధ్యయనంలో సుమారు మూడో వంతు మరణాలకు గుండె, రక్తనాళాల జబ్బులే కారణమని తేలింది. అలాంటి ఊళ్ళో రోగికి తనను తాను నడిపించుకోవడం తప్ప వేరే పునరావాసం అందదు.

డిశ్చార్జి నాడు, ఆరో వారంలో, ఆరో నెలలో ఆ ఆరు వాక్యాలు తేట తెలుగులో అడిగి, ఒక వారం అడుగుల లెక్క తీసుకుంటే చాలు. మగవాళ్ళకు జేబులో ఫోను లెక్కతో కొంతవరకు సరిపోవచ్చు. చీరకు జేబు ఉండదు, ఇంటిపని చేసేటప్పుడు ఫోను అలమరలో ఉంటుంది. ఆడవాళ్ళకు నడుముకు పెట్టుకునే పరికరమే ఇచ్చి పంపాలి.